వీఆర్ హెడ్‌సెట్లు తర్వాత, ముందు మీ ఊరి రాయి దగ్గరికి టార్చి పట్టుకెళ్లండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను మేడం. బాపట్ల జిల్లాలో జెడ్పీ హైస్కూలు, సోషల్ చెబుతున్నారు, క్లాసుకి 42 మంది, గోడకి కొత్తగా ఐఎఫ్‌పీ (వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర) వచ్చింది, అయినా కాకతీయుల పాఠం మొదలుపెట్టిన పది నిమిషాలకి వెనక బెంచీలు తూగుతున్నాయి. పూర్వ విద్యార్థులు లక్ష రూపాయలు ఇస్తామన్నారు, దాంతో వీఆర్ హెడ్‌సెట్లు కొనాలా, ఏఐ యాప్ ఏదైనా తీసుకోవాలా అని అడిగారు. చివర్లో ఇంకో ముక్క రాశారు, "మా ఊరి శివాలయం వెనక అక్షరాల రాయి ఒకటుంది గానీ చదివేవాళ్లు లేరు, సగం సున్నం కొట్టేశారు" అని. అది మీరు మాటవరసకి రాసినట్టుంది. నాకు మాత్రం అన్నిటికంటే అదే పెద్ద విషయంగా కనబడింది, అందుకే ఇంత పొడుగు సమాధానం.

నేను 26 ఏళ్లు సోషల్ చెప్పాను. ఎక్కువ కాలం పల్నాడు వైపు, నాలుగేళ్లు దివిసీమలో. రిటైరై రెండేళ్లయింది. టెక్నాలజీ అంటే పడనివాణ్ని కాదు, ఉన్న ఊళ్లలోకెల్లా ముందు ప్రొజెక్టర్ కొనిపించింది నేనే. కాకపోతే కొనిపించిన వాటిలో సగం బీరువాలో చెదలు పట్టాయి, ఆ లెక్క చెప్పడానికి సిగ్గు లేదు నాకు.

హెడ్‌సెట్ల సంగతి ముందే తేల్చేద్దాం. లక్షకి మంచివి రెండో మూడో వస్తాయి. పీరియడ్ 45 నిమిషాలు, అటెండెన్సు పోగా 40. ముగ్గురు చూస్తుంటే 39 మంది ఏం చేస్తారు? అల్లరి చేస్తారు, తప్పు వాళ్లది కాదు. ఫోను దూర్చుకుని చూసే అట్టపెట్టెలు వచ్చిన రోజుల్లో ఒక దాత మాకు పది కొనిచ్చాడు. గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ అని ఒకటుండేది, అందులో పిల్లలకి తాజ్‌మహల్ చూపించాను. ఇద్దరు ఆడపిల్లలకి వాంతులు. బాగున్నవాణ్ని లేపి ఏం చూశావురా అంటే "తల తిరిగింది సార్" అన్నాడు. ఆ ఎక్స్‌పెడిషన్స్ కూడా 2021 జూన్‌లో మూసేశారు, అట్టపెట్టెలు అట్టలుగానే మిగిలాయి. ఇవాళ్టి యాప్ రేపు ఉంటుందన్న నమ్మకంతో డబ్బు పెట్టకండి.

అసలు పిల్లలు తూగడానికి కారణం బొమ్మలు లేకపోవడం కాదు. ఈ కాలం పిల్లలు మనకంటే వందరెట్లు బొమ్మలు చూస్తున్నారు. పాఠంలో వాళ్లకి పని లేదు, అదీ సంగతి. గణపతిదేవుడు ఎప్పుడు పాలించాడో పుస్తకం చెప్పేసింది, గైడు చెప్పేసింది, మీరూ చెప్పేశారు, ఇక వాడు కనుక్కోవాల్సింది ఏముంది? అదే పాఠాన్ని పెద్ద తెర మీద రంగుల్లో చెబితే రంగుల్లో నిద్రపోతాడు. అందుకని ఏ కొత్త వస్తువు తెచ్చినా నేను చూసేది ఒకటే, ఇది పిల్లాడి చేత ఏం చేయిస్తుంది, అది సుద్దముక్కతో కుదరనిదేనా అని.

ఇప్పుడు మీ రాయి దగ్గరికి వద్దాం.

రాతి మీద అక్షరం మహా అయితే బియ్యపుగింజ మందం లోతుంటుంది. పట్టపగలు ఎండ నిలువునా పడుతుంటే ఆ గీతలో నీడ ఉండదు, నీడ లేకపోతే కన్నుకి గీత కనబడదు, మనం "అరిగిపోయింది" అనేసి వచ్చేస్తాం. పొద్దువాలాక వెళ్లి ఫోను టార్చిని రాయికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. వెలుతురు రాతి మీద పాకుతూ పోవాలి, ఎదురుగా కొట్టకూడదు. ప్రతి గీతకీ ఒక అంచున నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. మొదటిసారి నేను ఈ పని చేసింది పల్నాడులో ఒక గుడి ధ్వజస్తంభం పక్కన, తొమ్మిదో తరగతి పిల్లలు ఎనిమిది మందితో. "ఇక్కడేం లేదు సార్" అన్నవాడే టార్చి కింద నుంచి పైకి జరుపుతూ "సార్, శ్రీ! సార్, శ్రీ ఉంది!" అని అరిచాడు, పూజారి గారు ఏమైందోనని బయటికి పరిగెత్తుకొచ్చాడు. ఆ పిల్లాడికి తెలుగులో 35 మార్కులు దాటేవి కావు.

దీన్ని కొంచెం పద్ధతిగా చేస్తే ఇంకా బాగుంటుంది. ఫోనుని స్టాండు మీద కదలకుండా పెట్టండి. ఇంకో ఫోను టార్చిని గడియారం ముల్లులాగా రాయి చుట్టూ తిప్పుతూ ఒక్కో చోట ఆపి ఒక్కో ఫొటో తీయండి, పన్నెండు అంకెలకి పన్నెండు ఫొటోలు. పెద్ద మ్యూజియంలలో ఆర్‌టీఐ (సమాచార హక్కు కాదు, వెలుతురు దిక్కు మారుస్తూ ఫొటోలు తీసే పద్ధతి) పేరుతో సాఫ్ట్‌వేర్ పెట్టి చేసేది ఈ పనే, మనది దానికి పల్లెటూరి తమ్ముడు. ఆ పన్నెండూ ఐఎఫ్‌పీ మీద వేసి ఒకదాని తర్వాత ఒకటి గబగబా మారిస్తే ఒక ఫొటోలో దాక్కున్న అక్షరం ఇంకో ఫొటోలో బయటపడుతుంది. ఫోనులోనే నలుపు తెలుపు చేసి కాంట్రాస్ట్ పెంచండి. తర్వాత తెర మీది పెన్నుతో పిల్లల చేత, ఒకళ్లకి ఒక వరస చొప్పున, అక్షరాల మీద గీయించండి. అందరూ గీశాక వెనక ఫొటో తీసేస్తే తెల్లటి తెర మీద శాసనం ఒక్కటే మిగులుతుంది. నా మటుకు నాకు ఐఎఫ్‌పీ పెట్టినందుకు ఫలితం దక్కింది ఆ రోజే. అప్పటిదాకా అందులో యూట్యూబ్ తప్ప ఇంకేం నడిచేది కాదు, మా హెచ్‌ఎం గారికి క్రికెట్ కూడా.

చదవడం గురించి భయపడకండి. మొత్తం రాకపోయినా పరవాలేదు. విజయనగర కాలానివైతే అక్షరాలు చాలావరకు మనకి అందుతాయి, కాకతీయుల నాటివి కష్టం, అంతకుముందువి నిపుణులకే. మొదట్లో "స్వస్తి శ్రీ" వెతికించండి, తర్వాత "శకవర్షంబులు" అన్న మాట, దాని పక్కన అంకెలు. శక సంవత్సరానికి 78 కలిపితే మన లెక్క వచ్చేస్తుంది. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనంలో శకం 1211 అని ఉంది, 78 కలిపితే 1289, రుద్రమదేవి చనిపోయిన సంవత్సరం మనకి తెలిసింది ఆ రాయి వల్లే. ఒక పల్లెటూరి రాయి మహారాణి కథకి ముగింపు రాసింది అని చెప్పి చూడండి, ఆ తర్వాత మీ ఊరి రాయిని వాళ్లు చూసే చూపు వేరుగా ఉంటుంది. ఇక శాసనం చివర్లో చాలాసార్లు శాపం ఉంటుంది, దానమిచ్చిన భూమిని కాజేసినవాడు 60 వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని సంస్కృత శ్లోకం. నా సర్వీసులో ఏ పాఠానికీ క్లాసు ఇంత నవ్వలేదు. నవ్వాక ఒకమ్మాయి "అంత శాపం పెట్టారంటే అప్పుడు కూడా భూములు కాజేసేవాళ్లన్నమాట" అంది. ఇంకేం కావాలి చెప్పండి.

సున్నం మాత్రం గీకకండి. చాకు, ఇనప బ్రష్షు, యాసిడ్, ఏదీ వద్దు, పసుపు సుద్దపొడి రుద్దడం కూడా వద్దు. సున్నం పలచగా ఉంటే టార్చికి దాని కింది గీతలు కూడా కొంత తెలుస్తాయి. గుడి కమిటీ వాళ్లకి చెప్పి వచ్చే పండక్కి మళ్లీ కొట్టకుండా ఆపగలిగితే అదే పెద్ద సేవ. రక్షిత కట్టడమైతే ముందు పురావస్తు శాఖ వాళ్లని అడగండి. ఇంకో మాట, మీ రాయిని ఎవరో ఇప్పటికే చదివేసి ఉండొచ్చు. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో పదోది పూర్తిగా తెలుగు శాసనాలదే, ఒంగోలు వైపువి 1905లో అచ్చయిన నెల్లూరు జిల్లా శాసన సంపుటాల్లో ఉన్నాయి, ఇవి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. కానీ పిల్లలు తంటాలు పడ్డాక చూపించండి, ముందే చూపిస్తే గైడు చూపించినట్టే.

త్రీడీ మోజు ఉంటే అదీ ఫోనుతో అవుతుంది. వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) లాంటిదాని చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలో కనబడ్డదాంట్లో సగానికి పైగా తర్వాతి ఫొటోలో కూడా ఉండేట్టు 70, 80 ఫొటోలు తీసి యాప్‌లో వేస్తే బొమ్మ తయారవుతుంది, వేలితో తిప్పి చూడొచ్చు. బెంగళూరులో మిథిక్ సొసైటీ వాళ్లు ఆ చుట్టుపక్కల శాసనాలన్నిటినీ మంచి స్కానర్లతో ఇలా దాస్తున్నారు. మనకి ఆ స్థాయి అక్కర్లేదు. ఫోను వేడెక్కుతుంది, స్టోరేజీ నిండుతుంది, ఒకటో రెండో చేస్తే చాలు.

ఏఐ గురించి అడిగారు కదా, అందులో నా పరువు ఎలా పోయిందో చెబుతాను.

మీకు దగ్గర్లోనే, చినగంజాం పక్కన మోటుపల్లి ఉంది. వీరభద్రాలయంలో గణపతిదేవుడి అభయశాసనం, 1244-45 నాటిది. రిటైరయ్యే ముందు ఏడాది ఒక చాట్‌బాట్‌ని ఆ శాసనం తెలుగు పాఠం ఇమ్మన్నాను. పన్నెండు పంక్తులు ఇచ్చింది, "ఓ నావికులారా" అని మొదలు, ఘనమైన గ్రాంథికం, కళ్లు మూసుకుంటే రాజే మాట్లాడుతున్నట్టుంది. క్లాసులో గొంతు పెంచి చదివాను కూడా. చదివాక ఒక పిల్ల చెయ్యెత్తి "ఇది ఎక్కడుంది సార్?" అంది. ఏం చెప్పినా ఎక్కడుందో అడగండి అని వాళ్లకి నేర్పింది నేనే మరి. ఆ రాత్రి, శాసనాల పాఠాలు అచ్చువేసిన ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటం తీసి చూస్తే ఆ పన్నెండు పంక్తుల్లో ఒక్కటీ లేదు. మర్నాడు క్లాసులో ఒప్పేసుకున్నాను, ఇంకేం చేస్తాం.

అసలు శాసనం ఆ కల్పన కంటే ఎంత బాగుందో చూడండి. పూర్వపు రాజులు తుపానుకి చిక్కి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవారట. ప్రాణం కంటే ధనం మిన్న అనుకుని సముద్రం దాటే సాహసం చేసినవాళ్లు కదా పాపం, మేం దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం అంటాడు గణపతిదేవుడు. సుంకం ముప్పైకి ఒకటి. ఆ తర్వాత సరుకుల జాబితా, మంచిగంధం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, పట్టు, పగడాలు, మిరియాలు, వక్కలు, ఒక్కోదానికీ ఒక్కో రేటు. పిల్లల చేత ఓడ దింపించండి, ఇద్దరు సుంకం వసూలు చేసేవాళ్లు, మిగతావాళ్లు వర్తకులు, లెక్కల మాస్టార్ని కూడా పిలవండి.

ఆ పరువు పోయిన రోజు నుంచి ఏఐని తిరగేసి వాడటం మొదలుపెట్టాను. దానితో జవాబులు చెప్పించను, దాని తప్పులు పట్టిస్తాను. "కాకతీయుల కాలంలో ఓరుగల్లు వంటశాల" అని బొమ్మ వేయించి ఐఎఫ్‌పీ మీద పెట్టాను. గిన్నెల్లో ఎర్రటి మిరపకాయలు, పక్కన టమాటాలు, రాజుగారి తలకి మొఘలు పాగా, వెనక గుమ్మటాలు. ఎన్ని తప్పులున్నాయో పట్టండి, కానీ ప్రతి తప్పుకీ ఎలా తెలుసో రుజువు చూపాలి అన్నాను. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ద్వారా వచ్చింది, వాస్కోడగామా దిగిందే 1498లో, కాకతీయులు అంతకు 175 ఏళ్ల ముందే పోయారు. ఈ మాట తేలినప్పుడు క్లాసులో పెద్ద గొడవ. "గుంటూరు మిరపకాయ లేకుండా ఆంధ్రావాళ్లు ఏం తిన్నారు సార్, అబద్ధం" అని ఒకడు నిజంగానే బాధపడ్డాడు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, మోటుపల్లి జాబితాలో మిరియాలున్నాయి, మిరపకాయలు లేవు అని లేచింది. నేను అప్పటిదాకా ఆ రెండూ కలిపి ఆలోచించలేదు, ఒట్టు.

అయితే తప్పులు ఏఐ ఒక్కటే చేస్తుందని పిల్లలకి అనిపించకూడదు. మార్కోపోలో ముత్ఫిలి పేరుతో రాసింది మోటుపల్లి రాజ్యం గురించే. అక్కడ ఏలుతున్న రాణి న్యాయంగా పాలిస్తుందని మెచ్చుకున్నాడు, అక్కడి నేతబట్ట సాలెగూడంత సన్నమన్నాడు, లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాల్ని గద్దలు పైకి తెస్తాయన్నాడు. రాణిని చనిపోయిన రాజుగారి భార్య అని రాశాడు. ఆ రాణి రుద్రమే, నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు. మార్కోపోలో తప్పుకీ చాట్‌బాట్ తప్పుకీ తేడా ఏమిటి అని అడిగాను. ఒక పీరియడ్ సరిపోలేదు. ఆయన ఎవరి దగ్గరో విన్నాడు, ఎవరి దగ్గర విని ఉంటాడో మనం ఆలోచించొచ్చు, ఇది ఎవరి దగ్గర విందో దానికే తెలీదు, ఇలా పోయింది చర్చ. రుద్రమదేవితో మాట్లాడండి అంటూ వచ్చే యాప్‌ల మీద నా అభిప్రాయం దీంట్లోనే ఉంది. సరదాకి ఒకసారి పరవాలేదు, ఆమె నోట రాని మాట ఆమె పేరు మీద పిల్లాడి బుర్రలో నిలిచిపోతే తీయడం మన తరం కాదు.

మ్యాపుల గురించి కొద్దిగా. గూగుల్ ఎర్త్‌లో వరంగల్ కోట పెట్టండి, రాతి గోడ, దాని బయట మట్టికోట, గుండ్రాలు ఆకాశం నుంచి స్పష్టంగా తెలుస్తాయి. కొలత పనిముట్టుతో కొలిపించండి, లోపలి గుండ్రం అడ్డంగా సుమారు 1.2 కిలోమీటర్లు, బయటిది దానికి రెట్టింపు. తర్వాత అంతే గుండ్రం మీ ఊరి మీద గీయించండి. బడి, చెరువు, బస్టాండు, పక్క ఊరి పొలాలు అన్నీ కోటలోకి వచ్చేస్తాయి, అప్పటికి గానీ ఎంత పెద్ద కోటో ఎవడికీ ఎక్కదు. టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్లు 1950ల నాటి అమెరికా సైన్యం మ్యాపులు ఇంటర్నెట్‌లో పెట్టారు, ఇండియావి కూడా ఉన్నాయి. మాచర్ల వైపు షీటు వెతికి ఇప్పటి శాటిలైటు బొమ్మ పక్కన పెడితే అక్కడ ఒక లోయ ఉండేదని తెలుస్తుంది. నాగార్జునకొండ తవ్వకాలు 1954 నుంచి 1960 దాకా జరిగాయి, నాగార్జునసాగర్ డ్యాం నీళ్లొచ్చేలోపు తవ్వేయాలని పరుగు. ఇక్ష్వాకుల రాజధాని ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది, మనం పడవలో పోయి చూసే దీవి అప్పట్లో కొండ.

అమరావతికి ఒక వారం ఇవ్వండి, దానికి తగిన సరుకుంది. గుంటూరు నుంచి గంట ప్రయాణం, అయినా మా పిల్లల్లో వెళ్లినవాళ్లు ముగ్గురే, వాళ్లూ పుష్కరాలకి. వెళ్లినా అక్కడి పెద్ద బౌద్ధ స్తూపంలో మిగిలింది చదునైన దిబ్బ. దీపాలదిన్నె అనేవారు దాన్ని. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ ఊరు కడుతుంటే ఆ దిబ్బ రాళ్లు కూడా వాడారు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ 18వ శతాబ్దం చివర్లో ఒకసారి చూసి, 1816లో మళ్లీ వచ్చేసరికి చాలా పోయింది, ఉన్నవాటికి బొమ్మలు వేయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకి పంపాడు, అక్కడి నుంచి 1859లో కొన్ని లండన్ ఓడెక్కాయి. ఇవాళ ఆ స్తూపం ముక్కలు బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మోరులో, అమరావతిలో ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైటులో అమరావతి అని కొడితే ఒక్కో రాయికీ పెద్ద ఫొటోలు వస్తాయి, దగ్గరికి లాగి చూడొచ్చు. ఇద్దరికి ఒక రాయి ఇవ్వండి, అది ఎప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో మ్యాపు మీద గీత గీయాలి.

వాటిలో ఒక రాయి తప్పక చూపించండి. రెండు వైపులా చెక్కింది. ఒక వైపు క్రీస్తుకు ముందు నాటిది, బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం, బుద్ధుడు మనిషి రూపంలో లేడు. దాదాపు మూడొందల ఏళ్ల తర్వాత ఎవరో శిల్పి అదే రాయిని తిప్పి వెనక వైపు మొత్తం స్తూపాన్నే చెక్కాడు, గుమ్మటం, కంచె, సింహాలు, వాకిట్లో నిలబడ్డ బుద్ధుడు. అసలు స్తూపం మాయమయ్యాక అది ఎలా ఉండేదో మనకి తెలిసింది ఇలాంటి రాళ్ల మీది బొమ్మల వల్లే. ఐఎఫ్‌పీ మీద రెండు ముఖాలూ పక్కపక్కన పెట్టి, ఏం చెప్పకుండా ఐదు నిమిషాలు ఊరుకోండి. టీచర్లకి కష్టమైన పని ఇదే, ఊరుకోవడం. "ఇందులో ఆయన లేడు, అందులో ఉన్నాడు" అని వాళ్లే అంటారు. ఆ తర్వాత ఆ రాళ్లు ఎక్కడుండాలి అని ఒక మాట వదలండి. సగం మంది తెచ్చేయాలన్నారు. ఒకడు "ఇక్కడుంటే గోడల్లో కట్టేసేవాళ్లు కదా సార్" అన్నాడు. "ఇప్పుడైతే కట్టరుగా" అని ఇంకోడు. నేను ఎటూ తీర్పు చెప్పలేదు.

ఇక ఫోనుతో ఇంకో పెద్ద పని, ముసలివాళ్ల మాటలు రికార్డు చేయడం. ఇది కొత్తదేం కాదు. ఏలూరు నుంచి వెళ్లిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములు మెకంజీ దగ్గర చేసింది ఇదే పని, వాళ్లూ తోటివాళ్లూ ఊరూరా తిరిగి కరణాల్నీ పెద్దల్నీ అడిగి కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించారు. మీ ఊరి కైఫీయత్తు ఉందేమో వెతకండి, ఉంటే మీ పంట పండినట్టే. నేను దివిసీమలో ఉండగా 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి పిల్లల చేత రికార్డు చేయించాను. బాపట్ల వైపు కూడా ఆ తుపాను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, మరీ ఆలస్యం చేయకండి. మొదట్లో పిల్లలు "ఉప్పెన గురించి చెప్పు తాతయ్యా" అని అడిగేవాళ్లు, ఆయన "ఏముంది, అందరూ పోయారు" అనేవాడు, ఐపోయేది. ప్రశ్నలు మార్చాం. ఆ రోజు పొద్దున ఇంట్లో ఏం వండారు? గాలి ఏ దిక్కు నుంచి మొదలైంది? ఎవరింటికి పరిగెత్తారు, ఎందుకు వాళ్లింటికే? అప్పుడు గంటలు గంటలు చెప్పారు. ఇద్దరు ముసలివాళ్లు నీళ్లు వచ్చిన వేళ వేరువేరుగా చెబితే పిల్లలు నా దగ్గరికి పంచాయితీకి వచ్చారు, "ఎవరిది కరెక్టు సార్" అని. ఒకరి ఇల్లు సముద్రం వైపు, ఒకరిది లోపల, ఇద్దరిదీ కరెక్టే కావచ్చు అని తేల్చడానికి వాళ్లకి రెండు రోజులు, ఒక మ్యాపు పట్టాయి.

రికార్డింగుకి ఫ్యాను ఆపించండి, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, కాలర్ మైకు ఉంటే మంచిది. మాటల్ని అక్షరాల్లోకి మార్చడానికి ఇప్పుడు తెలుగుకి కూడా పనిముట్లు వచ్చాయి, కేంద్ర ప్రభుత్వం వాళ్ల భాషిణి లాంటివి, సగం పని తగ్గుతుంది. యాసకి బోల్తా పడతాయి, ఊరి పేర్లు ఇంటిపేర్లు తప్పుగా వస్తాయి, పిల్లలే విని దిద్దాలి, ఆ వినడంలోనే వాళ్లకి కథ పడుతుంది. చెప్పేవాళ్ల అనుమతి అడగాలి, ఏడిస్తే ఆపేయాలి. వీడియో గ్రూపుల్లో పెట్టొద్దని గట్టిగా చెప్పండి. మా పిల్లాడొకడు సొంత నాయనమ్మ ఏడుస్తున్న ముక్క స్టేటస్ పెట్టాడు, ఆ ఇంటికి వెళ్లి నేను క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

సిలబస్ అవ్వదంటారు మీ హెచ్‌ఎం, నాకు తెలుసు. అన్ని పాఠాలకీ ఇలా చేయకండి, చేయలేరు, ఏడాదికి మూడు చాలు. ఎఫ్‌ఏలో (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల్లో) ప్రాజెక్టు మార్కులు ఎలాగూ వేయాలి, చార్టులు అతికించే బదులు రాయి, ఓడ, నాయనమ్మ అవే ప్రాజెక్టులు. మిగతా పాఠాలు మామూలుగా చెప్పేయండి, మంచి గొంతుతో చెప్పిన కథకి మించింది ఇంకా ఏ కంపెనీ తయారు చేయలేదు.

లక్ష రూపాయలకి నా లెక్క ఇది. రెండు మంచి టార్చిలు, రెండు ఫోను స్టాండ్లు, రెండు కాలర్ మైకులు, రికార్డింగులు దాచడానికి రెండు హార్డ్ డిస్కులు (ఒకటి చాలదు, నాది ఒకసారి మొత్తం పోయింది, అందులో దివిసీమ గొంతులు పదకొండు ఉన్నాయి, ఆ పదకొండు మందిలో ఇప్పుడు నలుగురే ఉన్నారు). మిగతా డబ్బు మొత్తం బస్సుకి పెట్టండి. ఒకసారి మోటుపల్లి, ఒకసారి అమరావతి, మిగిలితే చెన్నై ఎగ్మోరు మ్యూజియం, తెర మీద చూసిన రాయిని పిల్లలు ఎదురుగా చూసి "అదే సార్, అదే" అంటారు చూడండి.

మీ మండలం పేరు, ఆ రాయి ఫొటో నాలుగు వైపుల నుంచి పెట్టండి, పాత సంపుటాల్లో దొరుకుతుందేమో నేనూ వెతుకుతాను. వెళ్లేది పొద్దువాలాక కాబట్టి ఇళ్లల్లో చెప్పి తీసుకెళ్లండి, తోడుగా ఇంకో మాస్టార్ని పిలవండి. గుడి వెనక అంటున్నారు, ముందురోజే గడ్డి కొట్టించండి, పాములుంటాయి.